మాత నిద్ర చేయని ఇల్లు

మా అన్నయ్య రోనాల్డ్ ఆఖరుసారి మా ఇంటికి వచ్చింది సుత్తి తిరిగి ఇవ్వడానికి.

పొద్దున్న పట్టుకెళ్లిన సుత్తిని వీధిలైట్లు వెలిగే వేళకి తెచ్చాడు. పిడికి అంటిన చెక్కపొట్టును చొక్కా అంచుతో తుడిచి అరుగు మీద పెట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఒంటి మీద ఇంకా మార్కెట్ బట్టలే ఉన్నాయి. మోచేతుల దాకా బెల్లం జిడ్డు.

"ఇంతకీ ఏటి కొట్టేవన్నియ్యా?" అన్నాను.

"ఏటుంది, ఓ మేకు."

"ఓ మేక్కి పొద్దున్నించి సందేళ దాకానా?"

"గోడ గట్టిదే జాయీ," అని నవ్వాడు. "జెఫ్రీ బావకి సెప్పు. పిడి వదులైపోనాది, సీల కొట్టించుకోమను."

చేపల పులుసు గిన్నెలో పోసి ఇస్తానుండమని లోపలికి వెళ్లాను. వచ్చేసరికి సైకిలెక్కి వీధి మలుపు తిరిగిపోయాడు. మర్నాడు ఉదయం బెల్లం మార్కెట్లో కాటా పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది. 2008 సెప్టెంబరు ఆఖరి రోజులు. నలభై దాటి చాలా ఏళ్లయినా పెళ్లి కాలేదు. పులుసు గిన్నె మా గట్టు మీదే ఉండిపోయింది.

అన్నయ్య పని మార్కెట్లో బెల్లం దిమ్మలు తూకం వేయడం. పొద్దంతా దిమ్మలు మోసి, ఎత్తి, దించి ఇంటికొస్తే ఆయన వెనకాలే చీమలూ వచ్చేవి. మా అమ్మ ఆరోగ్యమేరి బతికున్న రోజుల్లో గుమ్మం బయటే బట్టలు మార్పించి, నీళ్లు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది. అమ్మ చాలా ఏళ్లు పక్షవాతంతో మంచాన ఉంది. ఆ ఏళ్లలో వచ్చిన ఒకటి రెండు సంబంధాలు మంచం చూసి వెనక్కి వెళ్లాయి. తరువాత సంబంధాలు రావడం మానేశాయి. అన్నయ్యకి వంట, బట్టలు, అమ్మకి తల దువ్వడం అన్నీ అలవాటైపోయాయి. అమ్మ పోయాక పెద్ద వాటా ఖాళీ చేసి రైలు పట్టాల పక్కన ఒంటి గదికి మారాడు. రైలు వెళ్లినప్పుడల్లా అక్కడ స్టూలు మీద పెట్టిన గ్లాసు తనంతట తనే జరిగి అంచుకి వచ్చేది.

ఆ గదిలో ఆయనకి ఒకే ఒక్క కోరిక ఉండేది. మరియమాత ఒక రాత్రి అక్కడ నిద్ర చేయాలని.

మా కథోలిక కుటుంబాల్లో అక్టోబరు జపమాల మాసం. గుడిలోంచి మాత స్వరూపాన్ని రోజుకొక ఇంటికి తెస్తారు. సాయంత్రం చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి జపమాల చెబుతారు. రాత్రికి మాత ఆ ఇంట్లోనే ఉంటుంది, మర్నాడు సాయంత్రం పక్కింటికి వెళుతుంది. పాకలో ఉన్నవాళ్లయినా, మేడలో ఉన్నవాళ్లయినా ఏడాదికి ఒక రాత్రి అందరికీ దక్కుతుంది. "మొన్న మాత మా ఇంట్లో నిద్ర చేసింది" అని చెప్పుకోవడంలో ఉన్న గర్వం బయటివాళ్లకి తెలియదు. ఆ మాట అనగలిగితే మీరొక ఇల్లు. అనలేకపోతే మీరొక అద్దె గది.

ఎవరూ రాయని కట్టుబాటు ఒకటుంది. ఆడదిక్కు లేని ఇంట్లో మాతని రాత్రికి ఉంచరు. జపమాల చెప్పేసి అదే పూట ముందుకు తీసుకుపోతారు. అమ్మ మంచం మీద ఉన్నా సరే, ఆడమనిషి ఉంది కనుక ప్రతి ఏడూ మాత మా ఇంట్లో ఉంది. అమ్మ పోయిన మొదటి అక్టోబరులో గుమ్మంలోకి వచ్చి, జపం అయ్యాక వెళ్లిపోయింది. అన్నయ్య కొవ్వొత్తులు ఆర్పలేదు. ఖాళీ స్టూలు ముందు అవి పూర్తిగా కరిగేదాకా కూర్చున్నాడు.

మర్నాడు నాతో అన్నాడు. "వాళ్లది తప్పనను జాయీ. ఇక్కడ ఇల్లున్నట్టేటుంది? చాప, స్టౌవు, సైకిలు. ఇల్లు ఇల్లులాగ ఉంటే ఎందుకుంచరు?"

ఆ ఏడంతా గదిని ఇల్లు చేయడం మీదే ఉన్నాడు. కొనడానికి శక్తి లేదు కనుక ఊళ్లో మిగిలినవన్నీ ఏరుకొచ్చాడు. రంగులు వేసే సన్యాసిరావు ఆయన స్నేహితుడు. పని పూర్తయిన చోట్ల డబ్బాల అడుగున మిగిలిన రంగు ఇచ్చాడు. దాంతో ఒక గోడ ఎర్రమట్టి రంగు, ఒక గోడ ఆసుపత్రి ఆకుపచ్చ, తలుపున్న గోడ సగం దాకా పసుపూ పైన నీలమూ అయ్యాయి. మా ఆయన జెఫ్రీ చూడ్డానికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బావా, ఆ గోడ పోలీస్ స్టేషను, ఈ గోడ పెద్దాసుపత్రి. మజ్జిన కూకున్నోడెవడు?"

"నువ్వే. దెబ్బలు తిని ఇటొచ్చి కట్టు కట్టించుకో," అన్నాడు అన్నయ్య.

మార్కెట్లో షావుకార్లు కొత్త సంవత్సరానికి ఇచ్చే క్యాలెండర్లు ఆయన దగ్గర కట్టగా ఉండేవి. అన్నీ లక్ష్మీదేవి, నూకాలమ్మ బొమ్మలు. ఒకరి దేవతని చింపకూడదని వాటిని తిప్పి వేలాడదీసి, వెనక తెల్ల కాగితం మీద క్రిస్మస్ నక్షత్రాల తళుకు కాగితంతో సిలువలు అంటించాడు. రైలు వెళ్లినప్పుడు క్యాలెండర్లు ఊగి, సిలువ వెనకనుంచి లక్ష్మీదేవి ఒకసారి తొంగి చూసి వెళ్లేది. గోనెసంచులు ఉతికి, కుట్టి నేల మీద పరిచాడు. చీమల మందు సుద్దముక్కతో గోడ వెంబడి గీత గీశాడు. అందరి ఇంటి ముందూ ముగ్గుంటే ఈయనకి ఇంటి లోపల ముగ్గు. నేను నవ్వితే తనూ నవ్వాడు. ఆ రోజుల్లో ఆయన ముఖం తేటగా ఉండేది.

ఇక మిగిలింది మాతని పెట్టే బల్ల.

మార్కెట్ దారిలో సత్తియ్య అనే వడ్రంగి ఉండేవాడు. మంచాలూ తలుపులూ చేసేవాడు. మా వాళ్లలో ఎవరైనా పోతే సమాధి పెట్టెలూ ఆయనే చేసేవాడు. అన్నయ్య పాత బల్ల ఒకటి బాగుచేయమని ఆయనకిచ్చాడు. కాళ్లు బిగించాక సత్తియ్య, "అమ్మోరికా? ఉత్త సెక్క మీద ఎలా ఎడతావు? నా కాడ సాటిన్ ముక్కలున్నాయి, నానే కొట్టిచ్చేత్తాను," అన్నాడట. అన్నయ్యకి అది దేవుడు పంపిన మాటలా వినబడింది. గుడిలో పీఠం మీద పరిచే గుడ్డలాగే తెల్లగా మెరిసే సాటిన్. దాని అంచుకి బంగారు రంగు లేసు.

సత్తియ్య మనసుపెట్టి చేశాడు. కానీ ఆయన చేతికి వచ్చిన మడత ఒక్కటే. బల్ల చుట్టూ వేలెడు వేలెడు కుచ్చిళ్లు, కుచ్చిలికొక చిన్న మేకు, మేకుల మీద బంగారు లేసు, నాలుగు మూలలా గుడ్డతో చుట్టిన పువ్వులు. మా వాళ్లలో ఎవరైనా పుట్టాక ఎన్నోసార్లు చూసే మడత అది. చూసిన ప్రతిసారీ ఏడుస్తూ చూసేది.

మరి అన్నయ్యకి ఎందుకు కనబడలేదు? చాలా కాలం ఆలోచించాను. మా అమ్మ పెట్టె చుట్టూ కూడా అవే కుచ్చిళ్లు. బహుశా ఆ రోజు ఆయన అమ్మ ముఖం తప్ప మరేదీ చూడలేదు.

2003 అక్టోబరులో ఆయన వంతు వచ్చిన సాయంత్రం వంటపని ముగించుకుని వెళ్లాను. గదిలో కొత్త రంగు, కిరోసిన్, సాంబ్రాణి కలిసిన వాసన. అన్నయ్య తెల్లచొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని నిలబడ్డాడు.

"ఎలాగుందే?"

నేను బల్ల చూశాను. ఆ గుడ్డ ఊడదీయడానికి ఎంతసేపు పడుతుందా అని మేకుల వైపు చూస్తూంటే వీధి చివర మాత పాట వినబడింది. అన్నయ్య అప్పటికే గుమ్మంలోకి పరిగెత్తాడు.

మా ఉపదేశి జాన్ పాల్ గారు స్వరూపాన్ని రెండు చేతులా పట్టుకుని ముందు నడుస్తున్నారు. గుడిలో ప్రార్థనలు నడిపించేది ఆయనే, మాత ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో చెప్పేదీ ఆయనే. ఆయన వెనక ఆడవాళ్లు, కొవ్వొత్తులు. లోపలికి రెండడుగులు వేసి ఆయన ఆగారు. వెనకవాళ్లు ఆయన భుజాల మీదుగా చూశారు. పాట ముందువరసలో ఆగింది. బయటున్న వాళ్లకి సంగతి తెలియక పాడుతూనే ఉన్నారు.

చిన్నమ్మలు అని మా వీధి పెద్దావిడ. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఆవిడే అంది.

"ఒరే రోనాల్డూ, ఏట్రా ఇది? అమ్మకి జపమా, సమాధా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. ప్రార్థనలో వచ్చే నవ్వు ఆపుకుంటే ఇంకా పెరుగుతుంది. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. "పెట్టె మూత ఏదిరా అబ్బాయ్?" అని గుమ్మం అవతల నుంచి మరో గొంతు. అన్నయ్య అందరి ముఖాలూ చూశాడు, తరువాత నన్ను చూశాడు, ఆ తరువాత బల్లని చూశాడు. అప్పుడు కనబడింది ఆయనకి.

ఆ ముఖం ఎర్రబడలేదు. రంగు దిగిపోయి బూడిదలా అయింది. చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు. వెనక ఉన్నది ఆసుపత్రి ఆకుపచ్చ గోడ.

జాన్ పాల్ గారు నవ్వలేదు. కానీ స్వరూపాన్ని బల్ల మీద పెట్టనూ లేదు. జపమాల మొత్తం, ఐదు పదులూ, ఆయన చేతుల్లో పట్టుకునే చెప్పారు. మధ్యలో రైలు వచ్చింది. క్యాలెండర్లన్నీ ఒక్కసారి ఊగాయి. అంతవరకూ ఆపుకున్నవాళ్లు కూడా నవ్వేశారు. జపం ముగిశాక మాతని పక్క వీధికి తీసుకుపోయారు. ఆడదిక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తే అవసరం లేకపోయింది.

నేను ఆడవాళ్లతోపాటు బయటికి నడిచాను. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. ఆయన కోసం సిగ్గుపడ్డానో, ఆయన చెల్లెల్ని కనుక సిగ్గుపడ్డానో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

మర్నాడు అన్నయ్య ఆ గుడ్డని మేకు మేకూ పీకి, మడతలు సాపు చేసి, సత్తియ్యకి తిరిగి ఇచ్చేశాడు. సత్తియ్యని ఒక్క మాట అనలేదట. "సరిపోనేదు మావా," అన్నాడట. అంతే. బల్ల మార్కెట్లో కాటా కిందికి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఆయన గదిలోకి ఎవరూ వెళ్లలేదు. నేను వెళ్లినా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. తలుపు ఓరగా మూసి, బయట సైకిలు పక్కన నిలబడే మాట్లాడేవాడు. వాన వస్తే, "తడిసిపోతావే, ఎల్లు" అనేవాడు, లోపలికి రా అనేవాడు కాదు. అక్టోబరు వస్తే రాత్రి తూకాలున్నాయని మార్కెట్లోనే ఉండిపోయేవాడు. ఊరేగింపు ఆ గది దగ్గర ఆగకుండా ముందుకి వెళ్లడం అలవాటు చేసుకుంది. ఆదివారం పూజకి మాత్రం మానకుండా వచ్చి ఆఖరి వరసలో, స్తంభం చాటున కూర్చునేవాడు. ఒకరోజు చిన్నమ్మలు పలకరించబోతే చెప్పులు చేత్తో పట్టుకుని పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. అంత మనిషి, దిమ్మలెత్తే మనిషి, దొంగలా వెళ్లడం నేను చూశాను.

అలా ఏళ్లు గడిచాయి.

ఆయన పోయిన రోజు తాళం తీసి ఆ గదిలోకి వెళ్లాను. తప్పు గదికి వచ్చానేమో అనుకున్నాను. నాలుగు గోడలూ ఒకే రంగు. లేత నీలం, ఆరి ఎక్కువ రోజులు కాలేదు. క్యాలెండర్లు లేవు. కిటికీకి ఉతికిన పాత నూలుచీర ముక్క కట్టి ఉంది. అది మా అమ్మ చీర. మంచం ఒక మూలకి జరిపి, ఎదుటి గోడకి భుజమంత ఎత్తున ఒక చెక్క బిగించాడు. కింద రెండు గట్టి బ్రాకెట్లు. మా సుత్తి ఎందుకు అడిగాడో తెలిసింది. చెక్క మీద ఏమీ లేదు. మధ్యలో ఎనిమిది మూలలుగా కొద్దిగా పల్లంగా చెక్కి ఉంది. రైలుకి గ్లాసు జరగకుండా చెక్కుకున్నాడు కాబోలనుకున్నాం.

పెట్టె సత్తియ్యే చేశాడు. అవే కుచ్చిళ్లు, అదే లేసు, నాలుగు మూలలా పువ్వులు. చిన్నమ్మలు వచ్చి పెట్టె అంచు పట్టుకుని కుచ్చిళ్లని ఒక్కొక్కటే వేలితో తడిమింది. "ఆ రోజు ఆ కూత కూసింది నానేనమ్మా," అంది నాతో. "నవ్వులాటకన్నాను. ఆడు నాతో మరి మాటాడనేదు." అక్కడున్న వాళ్లలో కొందరు తల దించుకున్నారు. పెట్టెలో ఉన్నవాడొక్కడే సిగ్గుపడకుండా ఉన్నాడు.

ఏడో రోజు ప్రార్థన ఆ గదిలోనే చేశాం. అన్నయ్య ఫోటో పెట్టడానికి వీలుగా ఆ చెక్క ఉంది. దాని మీద పెట్టి, దండ వేసి, కొవ్వొత్తి వెలిగించాం. తరువాత గది ఖాళీ చేయమని ఇంటివారు అడిగితే, మంచి టేకు చెక్క వదిలేయడమెందుకని జెఫ్రీ విప్పి తెచ్చి మా వంటింట్లో బిగించాడు. మధ్యలో పల్లం ఉంది కదా అని అక్కడ చింతపండు జాడీ పెట్టాను. జాడీ కొంచెం వదులుగానే కూర్చుంది.

ఆ అక్టోబరు చివర్లో మాత మా ఇంటికి వచ్చింది. జపం అయ్యాక అందరూ వెళ్లిపోయారు. జాన్ పాల్ గారు మంచినీళ్లు అడుగుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, గ్లాసు చేతిలో ఉండగానే ఆగిపోయారు.

"ఆ చెక్క రోనాల్డ్ దేనా జాయ్స్ అమ్మా?"

అవునన్నాను.

"ఇక్కడ పెట్టేరేటమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. నాకు అర్థం కాలేదని గ్రహించి, గ్లాసు గట్టు మీద పెట్టి నెమ్మదిగా చెప్పారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఫాదర్ గారు, ఆడదిక్కు లేదని ఏ ఇంటినీ దాటిపోవద్దని చెప్పారట. ఆ మాట జాన్ పాల్ గారు మార్కెట్‌కి వెళ్లి అన్నయ్యకి చెప్పారట. ఈసారి మాత ఉంటుంది, రాత్రంతా ఉంటుంది, నెలలో మొదటి రాత్రే నీ ఇంట్లో, అన్నారట.

"దిమ్మ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత, ఉపదేశి గారూ, జాయీకి ముందే చెప్పకండి, వచ్చి చూత్తాది, అన్నాడు. పోయేక మీకు చెబ్దామంటే నోరు రాలేదు. తెలిసే ఉంటాది అనుకున్నాను."

"మరి ఆ మొదటి రాత్రి మాతని ఎవరింటికి తీసుకెళ్లారండి?" అన్నాను.

"ఎవరికీ ఇవ్వలేదమ్మా. గుళ్లోనే ఉంచేసేను."

నేను చింతపండు జాడీ తీసి కింద పెట్టాను. పల్లంలో జాడీ అడుగు మరక పడి ఉంది. కొంగుతో తుడిచాను. పోలేదు. జాన్ పాల్ గారు దగ్గరికి వచ్చి ఆ ఎనిమిది మూలల మీద వేలు పెట్టి తిప్పారు.

"పోయే ముందు వారం గుడికొచ్చి, అమ్మ స్వరూపం కింద పీఠం చుట్టూ దారం పెట్టి కొలుచుకెళ్లేడు. రైలొచ్చినప్పుడు అమ్మకి నిద్ర చెడకూడదని."